రేవునకు వచ్చిన లోకము – చావడిలో విన్న లోకము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తిచేసికొనిన ఈ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను చరిత్రోపాధ్యాయుడను కాను. మా తాతగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో గ్రామ కరణీకములు రద్దయిన పిదప మా యింట మిగిలినవి ఒక చెక్కపెట్టె, కొన్ని పాత చిట్టాలు, అట్టలూడిన భారత సంపుటములు మాత్రమే. నేను సహకార సంఘములో లెక్కలు వ్రాయుచు, తీరిక వేళల ఇంటి అరుగు మీద కూర్చుండి ఆ భారతమును గురువు లేక చదువుకొన్నవాడను. కావున ఈ వ్యాసమున పాండిత్యము కంటె పద్దులే ఎక్కువగా కనబడినచో చదువరులు మన్నింతురుగాక.

ఈ వ్యాసమునకు ఒక ప్రశ్న మూలము. గత సర్వసభ్య సమావేశమున కొందరు మిత్రులు ఒక ప్రతిపాదన చేసిరి. శనివారము సాయంకాలము మన హాలులో జరుగు సామూహిక పఠనమునకు పిల్లలు తగ్గిపోవుచున్నారనియు, ఆ గదిని ఉద్యోగ పరీక్షల పుస్తకములకు కేటాయించుట మేలనియు వారి అభిప్రాయము. అది అవివేకమైన మాట కాదు. పరీక్ష గట్టెక్కవలసిన బిడ్డలు ప్రతి యింటను ఉన్నారు. నిర్ణయము ఈ ఉత్సవముల తరువాత జరుగు సమావేశమునకు వాయిదా పడినది. ఆ సమావేశమునకు ముందు మన నెల్లూరు తీరపు చరిత్రను ఒకమారు తిరుగవేసి చూచుట మంచిదని నాకు తోచినది. విద్యార్థికి లోకజ్ఞానము ఎట్లు కలుగును? లోకము మన వాకిటికి వచ్చి నిలిచినంత మాత్రమున కలుగునా? ఈ ప్రశ్నకు మన తీరము రెండువేల యేండ్లుగా సమాధానము చెప్పుచునే యున్నది.

1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు రాతిగుట్ట ప్రక్కన పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలి ఆగినది. త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలము, దాని అడుగున ఒక చిన్న కుండ బయల్పడెను. ఆ కుండ నిండ బంగారు కాసులు. అవి రోమక చక్రవర్తుల నాణెములు. క్రీస్తు శకము రెండవ శతాబ్దినాటివి. ట్రాజన్, హేడ్రియన్ అను చక్రవర్తుల పేరిటను, ఫౌస్టీనా అను రాణి పేరిటను ముద్రింపబడినవి. రైతు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. పెక్కు కాసులు మూసలో కరగిపోయినవి. కరగక మిగిలిన ముప్పదికి పైగా నాణెములను ఆర్కాటు నవాబు కుమారుడు సేకరింపగా, చెన్నపట్టణమున గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ చూచి వ్రాసిన లేఖ కలకత్తాలో వెలువడిన ‘ఆసియాటిక్ రీసెర్చెస్’ రెండవ సంపుటమున అచ్చయినది. కొన్ని కాసులు అప్పుడే టంకశాల నుండి వచ్చినట్లు మెరయుచుండెననియు, కొన్నిటికి ఆభరణములుగా ధరించుటకై రంధ్రములు చేసియుండిరనియు ఆయన వ్రాసెను.

ఆ రంధ్రములను గూర్చి తలచినప్పుడెల్ల నాకు మన పెద్దల కాసులపేరు జ్ఞప్తికి వచ్చును. ఎక్కడి రోమక చక్రవర్తి! ఎక్కడి మన తీరపు ఇల్లాలి మెడ! సముద్రముల కావలి నుండి లోకము కదలి వచ్చి మన యింటి ఆభరణమై వ్రేలాడినది. కాని ఆ కాసు మీది అక్షరము చదువగలవారు లేకపోయిరి. అందుచేత అది తూకమునకు బంగారమే అయినది, లోకజ్ఞానము కాలేదు. ఆ రైతును నిందింపరాదు. చదువ నేర్పినవాడు లేనప్పుడు అక్షరము గీతయే గదా!

విచిత్రమేమనగా, ఆ రోము పట్టణము పేరు మన భారతముననే యున్నది. సంస్కృత మహాభారత సభాపర్వమున సహదేవుడు దక్షిణ దిగ్విజయము చేసిన ఘట్టములో, పూణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారు పరిష్కరించిన ప్రతియందు, యవనుల పురముతోపాటు ‘రోమా’ అను నామము కనబడును. సహదేవుడు ఆ పురములను దూతల ద్వారముననే వశపరచుకొన్నట్లు చెప్పబడినది. అనగా ఒకప్పుడు ఈ కథను కూర్చినవారికి, విన్నవారికి సముద్రము ఆవల అట్టి పట్టణమొకటి కలదని తెలిసియే యుండెను. కుండలోని కాసు మౌనముగా నుండగా కథలోని పేరు చెవి నుండి చెవికి నడచినది. ఈ రెంటికిని గల భేదమే నా వ్యాసమునకు సారాంశము.

ఇక పదమూడవ శతాబ్దికి వత్తము. మనకు ఉత్తరముగా, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆనాడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున అచ్చట ఒక అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము రాజులు, గాలివానకు కొట్టుకొని వచ్చి ఒడ్డున పడిన ఓడల సరకును బలాత్కారముగా గైకొనుచుండెడివారు. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, ద్వీపాంతరముల నుండి వచ్చు వర్తకులకు నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని అభయ మిచ్చెను. ప్రాణముకంటె మిన్నగా ధనమును ప్రేమించి సముద్రము దాటు వర్తకుని కష్టమును ఆ రాజు గుర్తించెను. పరదేశీయుడు కూడ మనవంటి మనుష్యుడే యను భావము రాతిమీద చెక్కబడినది.

ఆ కాలముననే మన నెల్లూరులో, మనుమసిద్ధి యాస్థానమున, తిక్కన సోమయాజి మంత్రిగను కవిగను ఉండెను. రాజ్యము పోగొట్టుకొన్న మనుమసిద్ధికి సాయము కోరి ఆయన ఓరుగల్లునకు పోయి గణపతిదేవుని మెప్పించెనని సిద్ధేశ్వర చరిత్రము చెప్పును. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను ఆయన తెలుగు చేసినాడు. ఆయనకు కేతన కవి తన దశకుమార చరిత్రమును అంకితము చేసినాడు. దండి సంస్కృతమున వ్రాసిన ఆ కథలలో సముద్ర యానములున్నవి, ద్వీపాంతర నివాసములున్నవి, యవనుల ఓడ ఉన్నది. కృష్ణపట్నము ఆనాడు కొల్లితురై యను పేర రేవుగా వర్ధిల్లుచుండెను. రేవులో దిగిన పరదేశిని కన్నులార చూచిన ఊరివారు, అట్టి పరదేశియే కథలో మాటలాడుచుండగా విన్నచో వారికి కలిగిన ఆశ్చర్యమును మనము ఊహింపవచ్చును.

పురాణ పఠనము ఎట్లు జరుగునో పెద్దలెరుగుదురు. చిన్నవారి కొరకు చెప్పుచున్నాను. దేవాలయ మండపమునగాని, రచ్చచావడి యందుగాని దీపము పెట్టి గ్రంథమును పీటపై నుంచెదరు. ఒకరు పద్యము చదువుదురు. వేరొకరు అర్థము చెప్పుదురు. వినువారు నడుమ నడుమ సందేహము లడుగుదురు. ధర్మరాజు జూదమాడుట తప్పా కాదా యని ఒకప్పుడు కథ ఆగిపోవును. అర్ధరాత్రి వరకు వాదము సాగును. అక్షరము రానివాడు కూడ ఆ వాదములో పాలుపంచుకొనును. మా తాతగారు చదువువారు. అర్థము చెప్పువారు మరొకరు. ఒక్కని చదువు నూరుగురి చదువగు విధానము మనకు క్రొత్తగా ఎవరును నేర్పనక్కరలేదు.

అయితే జమా వ్రాసినవాడు ఖర్చు కూడ వ్రాయవలెను. ఆ మండపములో అందరును కూర్చుండలేదు. పల్లెపాళెము నుండి వచ్చిన సముద్రపువారు మెట్ల క్రింద నిలిచిరి. మాలపల్లెవారు, మాదిగపల్లెవారు, యానాదులు వీధి చివరనుండి, గాలి ఇటు వీచినప్పుడు వినబడినంత విన్నారు. ఇది మన పూర్వుల పుస్తకములో మిగిలిపోయిన పెద్ద బాకీ. నేటి గ్రంథాలయమునకు ఒకే ద్వారముండుట, అందరును ఒకే చాప మీద కూర్చుండుట ఆ బాకీ తీర్చుటలో మొదటి వాయిదా యని నా నమ్మకము.

పదునేడవ శతాబ్దిలో లోకము మరల మన తీరమునకు వచ్చెను. ఈమారు అది తుపాకులతో వచ్చినది. డచ్చివారు పులికాటులో 1613లో గెల్డ్రియా కోటను కట్టిరి. మన సీమలో నేసి, రంగులద్దిన వస్త్రములను కొని, తూర్పు ద్వీపములకు తీసికొనిపోయి, అచ్చట వానికి మారుగా లవంగము, జాజికాయ మొదలగు సుగంధ ద్రవ్యములను సంపాదించిరి. ఆంగ్లేయులు పూర్వపు నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నము చెంత, ఆర్మగాము అను చోట 1626లో వర్తకశాల నెలకొల్పి కోట కట్టుకొనిరి. అచ్చట ఉద్యోగియైన ఫ్రాన్సిస్ డే యనువాడు మరింత అనుకూలమైన చోటు వెదకుచు దక్షిణముగా పోయి 1639లో సంపాదించిన ఇసుకదిబ్బయే తరువాత చెన్నపట్టణమైనది. అనగా ఒక సామ్రాజ్యపు తొలి అడుగులలో ఒకటి మన ఇసుకలోనే పడినది. మగ్గము ముందు కూర్చున్న సాలె తన బట్టను జావాలో ఎవరు కట్టుదురో ఎరుగడు. తన బట్ట వెల ఎంతకు పెరుగునో ఎరుగడు. ఎరిగినవాడు కోటలో కూర్చున్నాడు. లోకజ్ఞానము లేమి వలన కలుగు నష్టము కేవలము మనస్సునకు కాదు, కడుపునకు కూడ అని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఈ లేమిని తీర్చుటకు జరిగిన ప్రయత్నములే మన నాటక సమాజములు, గ్రంథాలయములు. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకము 1897లో వెలువడెను. నెల్లూరులోని ఆంధ్ర భాషాభిమాని సమాజమువారు శాస్త్రిగారి నాటకములను ప్రదర్శించిరి. ఆ నాటకములో ఓరుగల్లు రాజు ఒక భాష, చాకలి పేరిగాడు ఒక భాష, తురకలు ఒక భాష మాటలాడుదురు. పాత్రోచిత భాష యని శాస్త్రిగారు దానిని సమర్థించిరి. తమ యింటి మాట రంగస్థలము మీద వినబడగా ప్రేక్షకుడు ఉలికిపడును. ఇతరుని మాట వినబడగా అతనిని తెలిసికొనును. ఒకే రాత్రి ఒకే దీపము వెలుగున ఈ రెండును జరుగుట కళ చేయగల మేలు.

పుస్తక విషయమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చేసిన పని మరువరానిది. ఆ గ్రంథమాలలో మొదటి పుస్తకముగా వారు ఏ రాజు చరిత్రనో, ఏ దేవుని చరిత్రనో ఎన్నుకొనలేదు. కట్టెల గుడిసెలో పుట్టి, అమెరికా అధ్యక్షుడై, బానిసల విముక్తికి పాటుపడిన అబ్రహాము లింకను చరిత్రమును గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిచేత వ్రాయించి ప్రకటించిరి. పరాధీనమై యున్న దేశములో తెలుగు బాలుడు మొట్టమొదట చదువవలసినది మరొక దేశములోని బానిసల కథ యని తలచిన ఆ పెద్దల చూపు ఎంత దూరము పోయినదో గమనింపుడు!

పిమ్మట గ్రంథాలయోద్యమము ఆరంభమైనది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషివలన 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. వేటపాలెములో 1918లో సారస్వత నికేతనము వెలసెను. 1929లో గాంధీ మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కొల్లూరు, పెదవడ్లపూడి కాలువపై నావలో గ్రంథాలయము నడిపిరి. ఊరు పుస్తకము వద్దకు రాలేనిచో పుస్తకమే పడవనెక్కి ఊరికి పోయినది. మన ప్రక్కనే బకింగుహాము కాలువ కలదు. దాని మీద కట్టెలు, ఉప్పు, గవ్వసున్నము చెన్నపట్టణమునకు పోవుచుండగా మన పెద్దలు చూచిరి. పుస్తకములు మోయు పడవ మన కాలువమీద కూడ నడచియుండినచో ఎంత బాగుండెడిదో యని నేనెన్నోమారులు అనుకొంటిని.

1948లో మద్రాసు రాష్ట్రమున వచ్చిన చట్టము స్వతంత్ర భారతమున మొదటి గ్రంథాలయ చట్టము. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చెను. ఇంటిపన్నుతోపాటు మనము గ్రంథాలయ పన్ను కూడ చెల్లించుచున్నాము. పల్లెలో పూరింటివాడు కూడ పుస్తకమునకు కొన్ని పైసలు కట్టుచున్నాడు. లెక్కలవాడనైన నాకు దీనిలో ఒక న్యాయము తోచును: పన్ను కట్టినవాడందరికిని ఆ పుస్తకము చెందవలెను, చదువు వచ్చినవానికే కాదు. చదువురానివానికి పుస్తకము చెందుటకు మార్గమేమి? చదివి వినిపించుటయే.

ఈ సందర్భమున యానాదుల విషయము చెప్పవలెను. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో మొదలుపెట్టిన నేరజాతుల చట్టమును తరువాత యానాదులకు కూడ వర్తింపజేసిరి. పుట్టుకతోనే నేరస్థులని వ్రాసిన ఆ కాగితమును, అది ఎవరిమీద వ్రాయబడినదో వారు చదువలేరు. వెన్నెలకంటి రాఘవయ్యగారు మన నెల్లూరు మండలమున వారి మధ్య పనిచేసి, ఆ చట్టము తొలగవలెనని పోరాడిరి. 1952లో ఆ చట్టము రద్దయినది. రాఘవయ్యగారు 1962లో యానాదులను గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాసి వారి జీవితమును లోకమునకు తెలిపిరి. లోకమును మనము తెలిసికొనుట ఒక యెత్తు. మనలను లోకము సరిగా తెలిసికొనునట్లు చేయుట మరొక యెత్తు.

ఇప్పుడు మనలో చాలమంది కన్నులార చూచిన చరిత్రకు వచ్చితిని. 1990–91 ప్రాంతమున మన జిల్లాలో అక్షరదీపము పేర సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము జరిగినది. కళాజాతాలవారు ఊరూర తిరిగి పాటలు పాడిరి, నాటికలాడిరి. రాత్రివేళ దీపము చుట్టును చేరి పనిపాటలు చేసికొను స్త్రీలు పలక పట్టిరి. వారి వాచకములో ‘సీతమ్మ కథ’ అను పాఠము ఉండెను. భర్త త్రాగుడు వలన నాశనమైన ఒక ఇల్లాలి కథ అది. ఆ కథ చదివినవారందరికిని అది తమ యింటి కథగా తోచినది. ఒంటరిగా చదివియుండినచో ఒక కన్నీటి చుక్క రాల్చి పుస్తకము మూసియుందురు. కలసి చదివిరి గనుక ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి.

కలిగిరి ప్రాంతమందలి దూబగుంటలో 1992లో స్త్రీలు సారాయి బండిని ఊరిలోనికి రానీయక అడ్డగించిరి. రోశమ్మగారి పేరు దేశమంతట వినబడెను. ఆ దూబగుంట వృత్తాంతమే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠమై తరువాతి వాచకములో చేరినది. దానిని చదివి మరికొన్ని ఊళ్ళు కదలినవి. పాఠము నుండి పని పుట్టినది. పని నుండి మరల పాఠము పుట్టినది. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది. ఆ సంగతి దాచనక్కరలేదు. కాని నాలుగు అక్షరములు కూడి చదివిన కూలి స్త్రీలు ప్రభుత్వపు ఆదాయ వ్యయ పట్టికను ప్రశ్నించిరి. సారాయి పాటల సొమ్ము ఎచ్చటికి పోవుచున్నది, దానిచేత ఎవరి కాపురము కూలుచున్నది అని అడిగిరి. ఇంతకు మించిన లోకజ్ఞానము ఏ విశ్వవిద్యాలయము చెప్పగలదు?

ఇక నా తప్పు ఒకటి ఇచ్చట ఒప్పుకొనవలెను. మన గ్రంథాలయము పెట్టిన మొదటి యేట గోడకు పెద్ద ప్రపంచ పటమును, ఒక భూగోళపు బంతిని కొనవలెనని ఒక ఉపాధ్యాయుడు కోరెను. లెక్కలు చూచువాడను నేను. ఆ కోరిక ప్రక్కన ఎర్ర సిరాతో ‘అనవసర వ్యయము’ అని వ్రాసి త్రోసిపుచ్చితిని. ఆ పుస్తకము నేటికిని మన బీరువాలో కలదు.

2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము. ఉదయము సుమారు 6-30 గంటలకు సుమత్రా దీవి చెంత సముద్రగర్భమున భూమి కంపించెను. ఆ అల మన తీరములను చేరునప్పటికి రెండు గంటలకు పైగా కాలము గడచినది. అన్ని దేశములును కలిపి రెండు లక్షలకు పైగా జనులు మరణించిరి. మన నెల్లూరు తీరమునను ప్రాణములు పోయినవి. వలలు, పడవలు, ఇండ్లు పోయినవి. ఆ రెండు గంటల కాలము మన చేతిలో ఉండెను; దానిని ఉపయోగించుటకు తగిన తెలివి మాత్రము లేకపోయెను. ఆ వారము ఒక పల్లెపాళెము బాలుడు గ్రంథాలయమునకు వచ్చి, “అయ్యవారూ, సుమత్రా యెక్కడ ఉండాది?” అని అడిగెను. నేను గోడవైపు చూచితిని. గోడ మీద పటము లేదు. ఎర్ర సిరాతో నేను వ్రాసిన మాట ఆనాడు నా కన్నులకు కట్టినది.

అదే దినమున తాయిలాండు దేశములోని ఒక తీరమున టిల్లీ స్మిత్ అను పదేండ్ల ఆంగ్ల బాలిక, సముద్రపు నీరు నురుగులు కట్టి వింతగా మసలుట చూచి, రెండు వారముల క్రితము తరగతిలో విన్న పాఠము జ్ఞప్తి చేసికొని, తల్లిదండ్రులను హెచ్చరించెను. ఆ తీరముననున్న వారందరును తప్పించుకొనిరి. ఆమెకు ఉపాధ్యాయుడు హవాయి ద్వీపమున 1946లో వచ్చిన ఉప్పెనను చలనచిత్రముగా చూపియుండెను. వేల మైళ్ళ దూరపు ద్వీపములో, తాను పుట్టుటకు ఎంతో ముందు జరిగిన సంగతి, ఒక బొమ్మ ద్వారా ఒక బాలిక మనస్సులో నాటుకొని, మరొక దేశములో ఎందరి ప్రాణములనో కాపాడినది. మన దేశమున 2007లో హైదరాబాదులో ఉప్పెన హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. అది హెచ్చరించును. ఆ హెచ్చరిక విని అర్థము చేసికొనవలసినది మనము.

మరుసటి నెలలో పటము కొంటిమి. శనివార పఠనము ఆనాటినుండియే మొదలైనది. దాని పద్ధతి పురాణ పద్ధతియే. ఒక విద్యార్థి చదువును. మరొకరు మన మాటలలో చెప్పుదురు. మూడవవాడు పటములో చోటు చూపును. పిమ్మట ప్రశ్నలు. తుదకు పాటయో, చిత్రమో, చిన్న నాటికయో. ఒకనాడు తోలుబొమ్మలను గూర్చి చదివితిమి. మన తోలుబొమ్మలాటవలెనే జావాలో ‘వాయాంగ్’ అను నీడబొమ్మలాట కలదనియు, అచ్చటను భీముడు, అర్జునుడు తెరమీదికి వత్తురనియు, 2003లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వముగా ప్రకటించెననియు తెలిసి పిల్లలు ఉప్పొంగిరి. జావా యెక్కడ? పటము చూచిరి. సుమత్రాకు ప్రక్కనే. ప్రాణములు తీసిన అల వచ్చిన దిక్కుననే మన భీముడును ఉన్నాడు. ఆ రాత్రి నుండి ఆ దిక్కు వారికి భయము పుట్టించు దిక్కు మాత్రమే కాకపోయెను.

మరొకనాడు రవీంద్రుని ‘కాబూలీవాలా’ కథ చదివితిమి. దూరదేశము నుండి వచ్చి వీధులలో సరకులమ్ముకొను తండ్రి, పరాయి యింటి పిల్లలో తన బిడ్డను చూచుకొను కథ అది. మన ఊరినుండి కువైటుకు పోయినవారు ఎందరో ఉన్నారు. చదువుట ముగిసిన పిమ్మట ఒక బాలిక లేచి, “అక్కడ కువైటులో మా నాయనను గూడా ఎవురన్నా ఇట్టా జూస్తారా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు ఎవ్వరును ఉత్తరము చెప్పలేదు. కాని తరువాతి వారము మన వీధిలోనికి తేనె అమ్ముకొనుటకు వచ్చిన ఉత్తరదేశపు కూలిని పిల్లలు పిలిచి మంచినీరిచ్చి, అతని ఊరి పేరు అడిగి పటములో వెదకిరి. మోటుపల్లి శాసనమును నేను వారికి చెప్పనక్కరలేకపోయెను.

నేడు లోకము మన తీరమునకు వచ్చినంతగా మునుపెన్నడును రాలేదు. కృష్ణపట్నము రేవు 2008 నుండి పెద్ద ఓడలకు నెలవైనది. పూర్వపు నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి 1971లో మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్–3 అచ్చటినుండియే బయలుదేరినది. ఆ పొగచారను మన పిల్లలు మేడలెక్కి చూచిరి. ప్రతివాని చేతిలోని ఫోనులో ప్రపంచమంతయు ఉన్నది. ఇన్ని యుండగా శనివార పఠనమేల యని అడుగువారికి నా సమాధానము ఆ నెల్లూరు కుండయే. బంగారము చేతికి వచ్చినది. చదివి చెప్పువాడు లేక కరగిపోయినది. ఫోనులోని లోకము కూడ అట్టి కాసుల కుండయే. ఒక్కొక్కడు ఒక్కొక్క మూల కూర్చుండి చూచినప్పుడు అది కాలక్షేపమునకు మాత్రము తూగును. పదిమంది కలసి, ఇది ఏ దేశము, వారేల ఏడ్చుచున్నారు, ఇది నిజమా కాదా యని విచారించినప్పుడే దాని మీది అక్షరము కనబడును.

పరీక్షల పుస్తకములు వలదని నేను చెప్పను. వారమునకు ఆరు దినములు, శనివారమునందును పగలంతయు, ఆ గది పరీక్షార్థులదే కానిండు. వారికి మంచి బల్లలు, దీపములు వేయింపుడు. ఆ వ్యయమునకు ఎర్ర సిరా తాకనీయను. శనివారము సంధ్యవేళ ఒక్క గంట మాత్రము పూర్వపు పద్ధతికి విడువవలెనని నా మనవి. ఆ గంటకు అయ్యెడి ఖర్చు ఒక దీపము, ఒక చాప, చదువు వచ్చిన ఒక కంఠము. గత నెలలో ఏడుగురు పిల్లలు వచ్చిరి. అంతకు ముందు పదునలుగురు. ఏడుగురే యని కొందరందురు. మా తాతగారి పురాణమునకు వర్షాకాలమున ముగ్గురు వచ్చిన రాత్రులు కూడ కలవని మా నాయనమ్మ చెప్పెడిది. ఆయన ఏనాడును పుస్తకము కట్టి లేచి పోలేదట.

 పటము ఇప్పుడు కొంత వెలసిపోయినది; సుమత్రా ఉన్న చోట పిల్లల వ్రేళ్ళు తగిలి తగిలి రంగు పోయి తెల్లబడినది. క్రొత్త పటము కొనుటకు ఈ సంవత్సరపు అంచనాలో నేనే పద్దు వ్రాసితిని. ఈమారు దాని ప్రక్కన నల్ల సిరాతో ‘అవసర వ్యయము’ అని వ్రాసి సంతకము చేసితిని. సభ్యులు ఆమోదింతురుగాక.